నర్సు చెవిలో ‘గెట్’: ఓఈటీ లిజనింగ్ దగ్గర ఆగిపోయిన ఒక కేసు

నేపథ్యం

అభ్యర్థి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసిన స్టాఫ్ నర్సు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివారు, ఆ తర్వాత ఆరేళ్లు ఐసీయూలో పనిచేశారు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లిష్ టెస్ట్, వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్ష) రాస్తున్నారు. అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో బీ గ్రేడు, అంటే 500కు 350 అడుగుతుంది. రైటింగ్‌లో 300 వస్తే చాలు. ఈమెకు రీడింగ్, రైటింగ్ గట్టెక్కాయి. లిజనింగ్ మాత్రం ఒకసారి 310, తర్వాత రెండుసార్లు 320 దగ్గర ఆగిపోయింది. స్పీకింగ్ 330. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం.

ఈమెకు ఇంగ్లిష్ రాదని అనడానికి లేదు. కేస్ షీట్ ఇంగ్లిష్, హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతి అప్పజెప్పడం) ఇంగ్లిష్ అలవోకగా వస్తాయి. డిస్ప్నియా (ఆయాసం), నాక్టూరియా (రాత్రిపూట మూత్రానికి లేవాల్సి రావడం), ఎడీమా (వాపు) వింటే క్షణం ఆగరు. చిక్కేమిటంటే బ్రిటన్‌లో పేషెంటు ‘డిస్ప్నియా’ అనడు. ‘ఐ కాంట్ గెట్ మై బ్రెత్’ అంటాడు. డాక్టరు మాట ఈమెకు తెలుసు, రోగి మాట తెలియదు. తెలుగు మీడియంలో చదివి నర్సింగ్‌లోకి వచ్చినవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి.

వచ్చిన ఇబ్బంది

లిజనింగ్ పార్ట్ ఏలో రెండు సంభాషణలుంటాయి. ఒక్కోదానికి 12 ఖాళీలు, మొత్తం 24. నోట్స్ చూసుకోవడానికి 30 సెకన్లు ఇస్తారు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మా దగ్గర రాసిన మొదటి మాక్ టెస్టులో ఈమెకు 24లో 9 పోయాయి.

పోయిన తొమ్మిదింటినీ ఆడియో రాతప్రతి మీద ఎర్రపెన్నుతో గుర్తుపెట్టాం. ఆరు ఖాళీల జవాబులు ‘గెట్’ వచ్చిన వాక్యంలో గానీ, దాని పక్క వాక్యంలో గానీ ఉన్నాయి. చాలా చోట్ల అడిగిన మాట ‘గెట్’ కాదు. అది దాటగానే వచ్చే తేలిక మాట. ‘గెట్’ దగ్గర మనసు ఒక అర సెకను ఆగింది, ఆ అర సెకనులో జవాబు దాటిపోయింది.

దగ్గరగా చూడటానికి ఒక చోటు. మేం రాసుకున్న ప్రాక్టీసు సంభాషణ, గుండె బలహీనపడిన డెబ్బై ఏళ్లాయన మాట్లాడుతున్నాడు: ‘ఐ గెట్ పఫ్డ్ గెట్టింగ్ అప్ ద స్టెయిర్స్. బై టీటైమ్ మై యాంకిల్స్ హావ్ గాట్ రియల్లీ పఫీ, అండ్ టు బి ఆనెస్ట్, ఇట్స్ గెట్టింగ్ మీ డౌన్.’ పది సెకన్లలో నాలుగు ‘గెట్’లు, మూడు అర్థాలు. మొదటిది ఆయాసం రావడం, రెండోది మెట్లెక్కడం. మూడోది మళ్లీ మొదటి రకమే, చీలమండలు ఉబ్బడం. నాలుగోది మనసు కుంగడం. ఈమె రెండో వాక్యంలో చీలమండల ఖాళీ వదిలేశారు. నాలుగోదానికి ‘ఫాలింగ్ డౌన్’ అని రాశారు.

ఎందుకలా రాశారో తెలుసుకోవడం ముఖ్యం. మన దగ్గర బస్సు దిగడాన్ని ‘గెట్ డౌన్’ అంటాం. బ్రిటన్‌లో ‘గెట్ ఆఫ్’ అంటారు. ‘గెట్ డౌన్’ అనగానే ఈమెకు దిగడం, కింద పడటం తట్టాయి. ఇదే సంభాషణను తర్వాత రోల్ ప్లేగా చేయిస్తే, పడిపోయే ప్రమాదం గురించి చక్కగా నాలుగు ప్రశ్నలు అడిగారు. దిగులు గురించి ఒక్కటీ అడగలేదు. పరీక్షలో అయితే ఒక మార్కుతో పోతుంది. వార్డులో అదే జరిగితే, మనసు బాగోలేదని చెప్పుకున్న మనిషి మాట ఎవరికీ చేరదు.

కారణం వెతకడం

మూడు అనుమానాలు: యాస పట్టుబడకపోవడం, మాట తెలియకపోవడం, తెలిసినా ఆలస్యంగా తట్టడం. ఒక్కోదానికి మందు వేరు కాబట్టి ముందు విడదీయాలి. అదే రాతప్రతిని కాగితం మీద ఇస్తే ఆరింటిలో అయిదు సరిగ్గా చెప్పారు, ‘గెట్టింగ్ మీ డౌన్’ ఒక్కటే పోయింది. కాబట్టి మాట తెలియకపోవడం అసలు కారణం కాదు. తర్వాత మన యాసలో, అదే వేగంతో చదివి వినిపించాం. ఆరింటిలో నాలుగు పోయాయి. అంటే యాస కొంత కారణమే, కానీ ప్రధాన కారణం కాదు. మిగిలింది ఆలస్యం.

వాక్యం వినగానే మనసులో ఏమొచ్చిందో పైకి చెప్పమన్నాం (ఈ పరీక్ష పెట్టింది మాత్రం కింద చెప్పే రెండు ప్రయత్నాలూ అయ్యాకే). ప్రతిసారీ ముందు వచ్చిన మాట ‘పొందు’. ‘పఫ్డ్ పొందాను... కాదు, ఆయాసం వచ్చింది.’ బడిలో నేర్చుకున్న అర్థం ముందు తలుపు తీస్తోంది, అది కాదని మూసి ఇంకోటి వెతుక్కోవాల్సి వస్తోంది. ఆమె మాటల్లోనే: ‘అర్థం తెలుసు సర్, అది గుర్తొచ్చేలోపు ఆయన ముందుకెళ్లిపోతున్నాడు.’

‘పొందు’ మీద ఒక మాట చెప్పాలి. అది తెలుగులో కూడా ఎవరూ మాట్లాడని మాట. ‘జ్వరం పొందాను’, ‘కోపం పొందాను’, ‘ఇల్లు పొందాను’ అనం కదా. రోజంతా నోట్లో నానే ఇంగ్లిష్ మాటకు సన్మానపత్రంలో తప్ప కనిపించని తెలుగు మాటను జతచేసి పిల్లలకు నేర్పడం పాత పొరపాటు.

మొదటి ప్రయత్నం: జాబితా

మామూలుగా అందరూ చేసేదే చేశాం. ‘గెట్’తో వచ్చే 60 పదబంధాలు, పక్కన తెలుగు అర్థం, రోజుకు పది. మూడు వారాలు తిప్పి తిప్పి చదివించాం. రాతపరీక్షలో 60కి 54 వచ్చాయి. అదే వారం పెట్టిన మాక్‌లో పార్ట్ ఏలో 8 పోయాయి. తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గింది, అంతే.

ఎందుకు పనిచేయలేదో ఆలోచిస్తే రెండు సంగతులు తేలాయి. జాబితాలో వరస ఉంటుంది, మాటలో ఉండదు. పైగా వెతకాల్సిన అర్థాలు ఒకటి నుంచి అరవై అయ్యాయి, కాబట్టి ఆలస్యం పెరుగుతుందే గానీ తగ్గదు. ఇంగ్లిష్‌లో చిన్న క్రియల అర్థాలను లెక్కపెట్టడం మొదలుపెడితే అంతు ఉండదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1989 కూర్పు ‘సెట్’ అనే ఒక్క క్రియకే 430 అర్థాలిచ్చింది. ఇంగ్లిష్ వాళ్లెవరూ వాటిని బట్టీ పట్టి మాట్లాడటం లేదు. మనం ‘పట్టు’ను ఎలా వాడుతున్నాం? చెయ్యి పట్టాడు, చెమట పట్టింది, వాన పట్టింది, గంట పట్టింది, బూజు పట్టింది, నిద్ర పట్టలేదు. పక్కన ఏ మాట ఉందో దాన్ని బట్టి అర్థం దానంతటదే వస్తుంది. ఈ సంగతి అప్పుడే గమనించి ఉంటే మూడు వారాలు మిగిలేవి.

రెండో ప్రయత్నం: బదులు మాటలు

‘గెట్’ వినపడ్డ చోటల్లా బికమ్, రిసీవ్, అబ్టెయిన్, అరైవ్‌లలో ఒకటి పెట్టుకోమన్నాం. ఈ నాలుగూ ఆమెకు బాగా తెలిసినవే కాబట్టి వేగం పెరుగుతుందనుకున్నాం. వినడంలో కొంచెం పెరిగింది. మాట్లాడటంలో మాత్రం బెడిసికొట్టింది. రోల్ ప్లేలో ‘వెన్ డిడ్ యూ రిసీవ్ దిస్ పెయిన్?’ అన్నారు. ఇంకోసారి ‘ప్లీజ్ అబ్టెయిన్ సమ్ రెస్ట్’. పేషెంటు పాత్రలో ఉన్నావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఓఈటీ స్పీకింగ్‌లో భాష సందర్భానికి తగ్గట్టు ఉందా అన్నది విడిగా చూస్తారు, ఈ ధోరణి అక్కడ నేరుగా దెబ్బ. ఎనిమిదో రోజు ఆపేశాం.

పూర్తిగా పారేయలేదు. రిఫరల్ లెటర్‌లో ‘గాట్ వర్స్’ బదులు ‘డిటీరియరేటెడ్’ రాయడానికి ఇదే పద్ధతి పనికొచ్చింది. రాతకు మేలు చేసేది నోటికి కీడు చేయగలదని ముందే అనుకోవాల్సింది.

పనిచేసింది: ‘నాకు’ నుంచి మొదలుపెట్టడం

అర్థం అడగడం మానేసి వాక్యం ఆకారం చూడటం మొదలుపెట్టాం. తెలుగులో మనకు జరిగేవాటిని ‘నాకు’ పెట్టి చెబుతాం: నాకు ఉద్యోగం వచ్చింది, నాకు కోపం వచ్చింది, నాకు ఇన్ఫెక్షన్ సోకింది, నాకు చెమట పట్టింది, నాకు అర్థమైంది. వచ్చేది ఉద్యోగం, కోపం. మనిషి పక్కన నిలబడి ఉంటాడు. ఇంగ్లిష్‌లో ఆ మనిషినే ముందుకు లాగి ‘ఐ’ చేస్తారు, మిగతా పని ‘గెట్’కు అప్పజెబుతారు: ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ యాంగ్రీ, ఐ గాట్ యాన్ ఇన్ఫెక్షన్, ఐ గాట్ స్వెటీ, ఐ గాట్ ఇట్. తెలుగులో ‘-కు... వచ్చింది, అయింది, పట్టింది, దొరికింది’ చేసే పనిలో పెద్ద వాటా ఇంగ్లిష్‌లో ‘గెట్’ చేస్తుంది. ఆమె ఇది పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. ‘పొందు’ను వదిలించుకోవడానికి రెండు వారాలు పట్టింది.

పని చేసిన తీరు ఇది. రోజుకు 20 తెలుగు వాక్యాలు, అన్నీ వార్డులో పేషెంట్లు అనేవి. ఒకరు తెలుగులో అంటారు, ఆమె రెండు సెకన్లలో ‘ఐ గెట్...’ లేదా ‘ఐ గాట్...’తో అందుకోవాలి. రాయకూడదు. రెండు సెకన్లు దాటితే ఆ వాక్యం మర్నాటికి మళ్లీ వస్తుంది. తర్వాత తిరగేసి, ఇంగ్లిష్ వాక్యం వినిపించి తెలుగులో చెప్పించాం. అక్కడ ‘పొందు’ వాడితే తప్పే.

రెండో మెట్టు ‘గెట్’కు కుడిపక్క చూడటం. అక్కడ వస్తువు ఉంటే ‘వచ్చింది, దొరికింది’. గుణం ఉంటే మార్పు: గెట్ డిజీ అంటే కళ్లు తిరగడం, గెట్ టైర్డ్ అంటే అలసిపోవడం. చోటు గానీ దిక్కు గానీ ఉంటే కదలిక: ‘ఐ కాంట్ గెట్ టు ద టాయిలెట్ ఇన్ టైమ్’ అంటే వెళ్లేలోపే అయిపోతోందని. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘గెట్ టు’ తర్వాత చోటు కాకుండా పని వస్తే కదలిక కాదు, వీలు దొరకడం: ‘ఐ నెవర్ గెట్ టు సీ మై గ్రాండ్‌చిల్డ్రన్’ అంటే మనవల్ని చూసే వీలే చిక్కడం లేదని. ఈ రెండింటినీ ఆమె చివరి వారం దాకా కలిపేస్తూనే ఉన్నారు.

గుణం వచ్చే చోట ‘బెటర్’ను విడిగా పట్టించుకోవాలి. మనం ‘నొప్పి తగ్గిందా?’ అంటాం. దాన్ని నేరుగా మార్చి మనవాళ్లు ‘ఈజ్ యువర్ పెయిన్ రెడ్యూస్డ్?’ అంటారు. అక్కడి పేషెంటుకు అర్థమవుతుంది, కానీ మిషను అడిగినట్టుంటుంది. ‘ఈజ్ ద పెయిన్ గెట్టింగ్ ఎనీ బెటర్?’ అన్నది సహజం. తెలుగులో తగ్గేది జబ్బు, ఇంగ్లిష్‌లో ‘గెట్ బెటర్’ అయ్యేది జబ్బయినా కావచ్చు, మనిషైనా కావచ్చు.

‘చేయించుకో’ దగ్గర తెలుగువాళ్లకు అదృష్టం

‘గెట్ యువర్ బ్లడ్ ప్రెషర్ చెక్డ్’ లాంటి వాక్యం కష్టమని పాఠ్యపుస్తకాలు దాన్ని చివరి పాఠంలో పెడతాయి. తెలుగులో అది ఒక ప్రత్యయం, ‘-ఇంచు’. చెక్డ్, టెస్టెడ్, డన్, సీన్ టు, ఇవన్నీ ‘చేయించుకో, చూపించుకో’. బీపీ చూపించుకోండి అంటే గెట్ యువర్ బీపీ చెక్డ్. కట్టు మార్పించుకోండి అంటే గెట్ ద డ్రెసింగ్ చేంజ్‌డ్. ఒకరి చేత చేయించడమైతే ‘చేత’ ఉన్న చోట ‘గెట్’ పెడితే సరి: మీ అబ్బాయి చేత కారు నడిపించండి, గెట్ యువర్ సన్ టు డ్రైవ్. మొదట చెప్పినప్పుడే ఆమె పదికి పది చెప్పారు.

ఇంతకుముందు ఆమె ‘యూ చెక్ యువర్ బీపీ ఎవ్రీ వీక్’ అనేవారు. వ్యాకరణం తప్పు కాదు, సలహా తప్పు. సర్జరీకి (బ్రిటన్‌లో డాక్టరు క్లినిక్‌ను అలా అంటారు) వెళ్లి చూపించుకోవాల్సిన మనిషికి ఇంట్లో తనే చూసుకోమని చెప్పినట్టయింది.

ఇదే వరసలో ‘ఐ గాట్ బిటెన్’ రకం. తెలుగులో కుక్క కరిచింది అంటాం, ‘కరవబడ్డాను’ అనం. ‘-బడు’తో నేర్పితే మళ్లీ ‘పొందు’ కథే. తెలుగు మాటల్లో దీనికి దగ్గరగా ఉన్నది ‘తిను’: తిట్లు తిన్నాడు, దెబ్బలు తిన్నాడు. గాట్ టోల్డ్ ఆఫ్, గాట్ బీటెన్. అనుకోకుండా మీదపడ్డవాటికి ‘గాట్’ అని చెబితే సరిపోయింది.

ఎక్కడ విరుగుతుంది

‘నాకు’ సూత్రం చేతికి రాగానే ఆమె అన్నిటికీ వాడారు. గుర్తొచ్చింది అనబోయి ‘ఐ గాట్ రిమెంబర్డ్’. నిద్ర వచ్చింది అనబోయి ‘ఐ గాట్ స్లీప్’, దానికి అర్థం నిద్ర పట్టిందని. సందేహం వచ్చింది అనబోయి ‘ఐ గాట్ ఎ డౌట్’. మన దగ్గర చెల్లే మాటే, బ్రిటన్‌లో మాత్రం ‘డౌట్’ అంటే నమ్మకం లేకపోవడం. సీనియర్ సిస్టర్‌తో అలా అంటే ఆవిడ మాటను శంకించినట్టుంటుంది. ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనాలి. అందుకని హద్దు గీశాం: నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి లాంటి స్థితులకు ‘గెట్’ రాదు. సంఘటన ఉండాలి. సంఘటన ఉన్నా ‘గుర్తొచ్చింది’ లాంటి కొన్నిటికి సొంత క్రియలున్నాయి. అవి అయిదారే కాబట్టి విడిగా నేర్చుకోవచ్చు.

ఈ హద్దుకు ఒక మినహాయింపు ఉంది, నర్సుకు అదే అన్నిటికంటే ముఖ్యం. ‘ఐ’వ్ గాట్ ఎ పెయిన్ హియర్’ అంటే నొప్పి ఇప్పుడు ఉంది. ‘గాట్’ చూసి గతం అనుకుంటే ‘నొప్పి వచ్చింది, పోయింది’ అని నోట్ చేస్తారు. మాట్లాడేటప్పుడు ఆ ‘వ్’ గాలిలో కలిసిపోతుంది. అది వినపడకపోయినా పక్కన ‘హియర్’ లాంటి మాట ఉంటే ఇప్పటి సంగతే అని పట్టుకోవాలి. ఈమె మొదటి మాక్‌లో పోయిన తొమ్మిదిలో రెండు ఇవే.

కుడిపక్క చూసినా దొరకనివి కొన్ని మిగులుతాయి. 12 ఎంచుకున్నాం. వాటిలో గెట్ ఓవర్, గెట్ బై, గెట్ రౌండ్ టు, గెట్ మీ డౌన్, గెట్ ఆఫ్ టు స్లీప్ లాంటివి ఉన్నాయి. వీటికి తెలుగు అర్థం రాయనివ్వలేదు. ఒక్కోదానికి ఒక పేషెంటు వాక్యం, ఆ వాక్యం తర్వాత నర్సు అడగాల్సిన ప్రశ్న. ‘ఇట్స్ గెట్టింగ్ మీ డౌన్’ వినగానే ఆమె నోటికి ‘హౌ లాంగ్ హావ్ యూ బీన్ ఫీలింగ్ లో?’ రావాలి. అర్థం గుర్తుంచుకోవడం కంటే చేయాల్సిన పని గుర్తుంచుకోవడం నర్సులకు తేలిక.

చెవి పని

చివరి రెండు వారాలు శబ్దం మీద. తెలుగు చెవి ‘గెట్’లో గట్టి ‘ట్’ కోసం చూస్తుంది. చాలామంది బ్రిటిష్ వాళ్లు మాట్లాడేటప్పుడు ఆ ‘ట్’ను గొంతులోనే మింగేస్తారు, ‘గెట్ మై బ్రెత్’ దాదాపు ‘గెమ్మై బ్రెత్’లా వస్తుంది. వెనక అచ్చు ఉంటే అతుక్కుంటుంది: ‘గెట్ అప్’ ‘గెటప్’ అవుతుంది. మన సినిమా భాషలో గెటప్ అంటే వేషం కాబట్టి, ‘ఐ గెటప్ ఫోర్ టైమ్స్ ఎ నైట్’ విన్న మొదటిసారి ఆమె తెల్లబోయారు. అది నాక్టూరియా, ఆ డాక్టరు మాట ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. ఇలాంటి 15 వాక్యాలు రోజూ పది నిమిషాలు, వినగానే పైకి అనడం, రాతప్రతి చూడకుండా. ముందు నెమ్మదిగా వినిపించి తర్వాత వేగం పెంచే పద్ధతి వాడలేదు. నెమ్మది చేస్తే మింగేసిన ‘ట్’ మళ్లీ బయటికొస్తుంది, నేర్చుకోవాల్సింది అదే పోతుంది.

ఫలితం, మిగిలింది

‘నాకు’తో మొదలుపెట్టిన ఏడో వారం మాక్‌లో పార్ట్ ఏలో 3 పోయాయి. అసలు పరీక్షలో లిజనింగ్ 360, స్పీకింగ్ 350. స్పీకింగ్‌కు విడిగా వెచ్చించింది తక్కువే. వినడానికి చేసిన రెండు సెకన్ల కసరత్తు నోటికి కూడా పనికొచ్చిందని అనుకుంటున్నాం, కానీ ఒక్క కేసుతో అలా ఖాయంగా చెప్పలేం.

మళ్లీ ఇలాంటి అభ్యర్థి వస్తే మార్చేవి రెండు. జాబితా అసలు మొదలుపెట్టం. మనసులో వచ్చిన మాటను పైకి చెప్పించే పరీక్ష మొదటి రోజే పెడతాం. అది అరగంట పని, దాన్ని వాయిదా వేసి నెల పోగొట్టుకున్నాం. తెలుగు మీడియం కానివాళ్లకు, ఇంట్లో తెలుగు తక్కువ మాట్లాడేవాళ్లకు ఈ దారి ఇంతే బాగా పనిచేస్తుందని చెప్పలేం. ‘నాకు చెమట పట్టింది’ అన్నది నోట్లోంచి దానంతటదే రాకపోతే దాని మీద ఏదీ కట్టలేం.

ఆఖరుకూ లొంగనిది ‘గెట్ ఆన్’. ‘హౌ ఆర్ యూ గెట్టింగ్ ఆన్?’ అంటే ఎలా ఉన్నారు. ‘వీ డోంట్ గెట్ ఆన్’ అంటే మాకు పడదు. ‘హీ ఈజ్ గెట్టింగ్ ఆన్ ఎ బిట్’ అంటే వయసు మీదపడుతోంది. ‘గెట్టింగ్ ఆన్ ఫర్ సెవెంటీ’ అంటే డెబ్బై నిండబోతోంది, ఇంకా నిండలేదు. బస్సు ఎక్కడమూ ఇదే మాట. చివరి మాక్‌లో పోయిన మూడింటిలో ఒకటి ఇక్కడే: వయసు గడిలో ఆమె 70 అని రాశారు.